దూపకత్తి

29 నవంబర్ 2009, ఆదివారం

మా తమ్ముడి భార్య సాయిమాకు తెలుగు చదవడం రాదు. ఉర్దూలో రాస్తే చదువుతుంది, చదవనట్టు ముఖం పెట్టుకుని తిరుగుతుంది. అందుకని తెలుగులోనే రాసుకుంటున్నాను.

బక్రీదు నిన్నటితో అయిపోయింది. ఇవాళ బస్సులు లేవు. పాత బస్టాండు దగ్గర తెలంగాణ దీక్ష టెంటు వేశారు. ముస్తఫా పొద్దున్నే ఫజర్ నమాజు కూడా చదవకుండా రంగు డబ్బాలు పట్టుకుని వెళ్లాడు. దారిన పోయే ప్రతి మోటారు సైకిల్‌నూ ఆపి, నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాస్తున్నాడట. దుకాణాలవాళ్లు రాయమని ఇచ్చిన బోర్డులు మాత్రం మా గోడకు ఆనుకుని ఉన్నాయి.

నలభై దాటిన తమ్ముణ్ణి చేయి పట్టి ఆపలేను కదా. దువా చేశాను.

2 డిసెంబర్

ముస్తఫా సాయంత్రాలు టెంటులో మైకు పట్టుకుని కథ చెప్తున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే పిచ్చి. అమ్మీ పోయాక వాడికి అన్నం నేనే తినిపించేదాన్ని. మొదటి ముద్దకు నేను కథ మొదలుపెడితే, మూడో ముద్దకు వాడే నాకు చెప్పేవాడు.

ఇప్పటి కథలో సాంబడు అని ఒక పడుచువాడు. వాళ్ల ఊరి చెరువును ఒక మంత్రగాడు మింగి కట్ట మీద కూర్చున్నాడు. గుట్ట మీది గుహలో ఒక కత్తి ఉంది. పట్టినవాడికి ఎదురుండదు. కాకపోతే ప్రతి వేటుకూ ఆ కత్తి, పట్టినవాడి ఆయుష్షునే తాగుతుంది. ఎంత తాగినా దాని దూప తీరదు, దాహం ఆరదు. దూపకత్తి.

ఆ పేరు మొహర్రం పీర్లను ఉంచే మా కొట్టంలోని కత్తిది. నాకు నచ్చలేదు. వాడితో అనలేదు.

నిన్న సాంబణ్ణి గుహ ముందు నిలబెట్టి కథ ఆపాడట. ఇవాళ అన్నాల దగ్గర మమ్మల్నే అడిగాడు, కత్తి ఎత్తాలా వద్దా అని. పక్కింటి వీరయ్య కూడా మగ్గం దిగి వచ్చి కూర్చున్నాడు.

సాయిమా రొట్టె కాలుస్తూ మొగుడి వైపు చూడకుండానే అంది: “ముందుగాల గా సాంబనికి పెండ్లయిందా కాలేదా, గది చెప్పు. పెండ్లాం ఉన్నోడు గసొంటివి ముట్టొద్దు.”

“పెండ్లి గాకుంటె సావొచ్చా చెల్లె?” అన్నాడు వీరయ్య.

“అవ్వ ఉంటది గదా వానికి.”

“అవ్వలు అందరికి ఉంటరు. మరి ఎత్తేదెవరు?”

నన్నడిగారు. కాలువ తవ్వుకోమని చెప్పాను. గుట్ట అవతలి వాగు నుంచి ఊరంతా కలిసి తవ్వుకుంటే, ఆ మంత్రగాడు చెరువు మీదే కూర్చుని ముసలివాడైపోతాడు.

ముగ్గురూ నవ్వారు. ఈ అక్కను ముస్తఫా అడిగాడు: “కాలువ తవ్వుతె కథ ఎవడింటడే ఆపా?”

4 డిసెంబర్, శుక్రవారం

కొట్టం తాళం తీసి బూజు దులిపాను. మొహర్రం దగ్గరపడింది. కొట్టం ముత్తాతల నాటి నుంచి మా ఇంటిదే. పీర్లను ఎత్తేది మాత్రం వీరయ్య వాళ్లు. అబ్బా, మా నాన్న, పోయినప్పటి నుంచి తాళంచెవి నా దగ్గర ఉంటోంది. దానికి వేరే కారణమేమీ లేదు.

పీర్లు పెట్టెలో ఉన్నాయి. దూపకత్తి ఎప్పటిలాగే వెనక గోడకు, పచ్చగుడ్డలో.

అబ్బా చెప్పిన పద్ధతి నాకు కంఠతా ఉంది. ఒక మొహర్రంలో ఒక్కరే ఎత్తాలి. పీర్లెత్తే ఇంటివాళ్లలో ఒకరు దగ్గరుండి చూడాలి. ఎత్తినవాడు ఏం కోరుకుంటే అది జరుగుతుంది. ఎత్తినవాడు మళ్లీ మొహర్రం నాటికి ఉండడు. ఉన్నన్నాళ్లూ కత్తిని తుడిచేదీ, గుడ్డ మార్చేదీ అతనే. ఇంకెవరూ ముట్టకూడదు. ఎవరూ ఎత్తని ఏళ్లలో పైపైన దులుపుతారు, అంతే.

ఇదంతా నేను నమ్మను. చావు అల్లా చేతిలో ఉంది, ఇనుము చేతిలో లేదు. ఐదు పూటలా నమాజు చదివే మనిషి నమ్మవలసింది కాదిది.

నాగయ్య గుర్తుకొచ్చాడు. అది కరువు ఏడు, నేను ఇంకా బడికి పోతున్నాను. నాగయ్య వానల కోసం ఎత్తాడు. వానలు పడ్డాయి. తర్వాత మనిషికి ఏ రోగమూ రాలేదు. కానీ వీధిలో ఎవరు ఎదురైనా అతన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. పెళ్లి పిలుపులు వాళ్ల గడప దాటి ముందుకు పోయేవి. పొలానికి విత్తనాలు అడిగితే, నీకెందుకులే నాగన్నా, అనేవాళ్లు. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని అబ్బాతో అన్నాడు:

“సాబ్, అందరు నన్ను సాగదోలెటట్టే సూస్తున్రు. ముద్ద దిగుతలేదు.”

అబ్బా తన పళ్లెంలోంచి తినిపించాడు. ఆ రోజు తిన్నాడు. బతుకమ్మ నాటికి మంచం పట్టాడు. మొహర్రం నెలవంక చూడలేదు.

కత్తి తాగిందన్నారు.

7 డిసెంబర్

నిన్న సాంబడు గుహలోంచి ఒట్టి చేతులతో బయటికి వచ్చాడట. టెంటులో జనం ఒప్పుకోలేదు. ఎవరో చెప్పు కూడా విసిరారట. ముస్తఫా నవ్వుతూనే చెప్పాడు. రొట్టె సగమే తిన్నాడు.

8 డిసెంబర్

సాంబడు మళ్లీ గుహలోకి వెళ్లాడు.

10 డిసెంబర్

రాష్ట్రం ఇస్తామని రాత్రి ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. వీరయ్య పెళ్లాం కొమురవ్వ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. మోకాళ్లే, అంటే వినలేదు. “గీ ఒక్కనాటికి మోకాళ్లు లెవ్వనుకో అక్కా,” అంది. ముస్తఫా కూతురు షీబా మొహం గుర్తుపట్టడానికి లేదు, అంతా రంగు.

ముస్తఫా గొంతు పోయింది. చేతులతో సైగ చేసి చెప్పాడు, సాంబడికి ఇక కత్తితో పని లేదని.

అల్లాకు కృతజ్ఞతగా షుక్రానా నమాజు చదివాను.

18 డిసెంబర్, శుక్రవారం

నెలవంక కనిపించింది. పీర్లను దించి చింతపండుతో తోమారు. వీరయ్య వాళ్లు వాటికి దట్టీల గుడ్డలు కట్టారు. కొట్టం ముందు అలావా గుంట తవ్వి నిప్పు వేశారు. ఊదు పొగలో షీబా దగ్గుతోంది.

బజారులో ఒక మాట నడుస్తోంది, ఇస్తామన్నది ఇవ్వరని. ముస్తఫా వినడం లేదు. వింటున్నాడు. విననట్టు రంగు కలుపుతున్నాడు.

24 డిసెంబర్, గురువారం

వెనక్కి తీసుకున్నారు.

సాయంత్రం

ఇది వీరయ్య చెప్పాడు. ముస్తఫా చెప్పలేదు.

టెంటు నిండిపోయిందట. కూర్చోవడానికి జాగా లేదు. ముస్తఫా మైకు పట్టుకుని సాంబడి చేత కత్తి ఎత్తించాడు. జనం లేచి నిలబడ్డారు. వెనక నుంచి ఎవరో అరిచారట, కథలో ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు, మీ కొట్టంలో ఉన్నదాన్ని ఎత్తు అని. కొందరు నవ్వారట. తర్వాత ఎవరూ నవ్వలేదట. ముస్తఫా మైకులోనే అన్నాడు:

“మొహర్రం దసమి పొద్దుగాల నేనే ఎత్తుత. తెలంగాణ అడుగుత.”

వీరయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. లోపల దండెం మీద ఆరేసిన ముస్తఫా చొక్కా వంక చూశాడు. చిన్నప్పుడు నాగయ్యను అందరూ చూసినట్టు చూశాడు.

25 డిసెంబర్

టీ కొట్టతను ముస్తఫా దగ్గర పైసలు తీసుకోలేదట. ఒక ముసలామె రోడ్డు మీదే కాళ్లు మొక్కిందట. మధ్యాహ్నం చెప్పుల దుకాణమాయన వచ్చి, ఇంకా రాయని తన బోర్డు రాయనట్టే తీసుకుపోయాడు. చాలా మర్యాదగా అన్నాడు: “ఉండనీ ముస్తఫా భాయి. నీకెందుకింక గీ పని.”

ముస్తఫా అన్నం కలిపాడు. కలిపి లేచాడు.

26 డిసెంబర్

సాయిమా కూర్చున్న చోటే కునుకుతోంది, ఉలిక్కిపడి లేచి మొగుడు ఎక్కడున్నాడో చూస్తోంది.

నాకు భయం లేదు.

27 డిసెంబర్, ఆదివారం

ముస్తఫా కొట్టం తాళంచెవి అడిగాడు. ఇవ్వనన్నాను.

“మాట ఇచ్చిన ఆపా.”

“తిరిగి తీసుకో. ఢిల్లీవాళ్లు తీసుకోలేదా?”

“గందుకే నేను తీసుకోను.”

ఆ కత్తితో ఏమీ కాదని చెప్పాను. వాడు నాకంటే నిదానంగా జవాబు చెప్పాడు. ఏమీ కాదని తనకూ తెలుసట. “కని జనం నన్ను సూసే సూపు నువ్వు సూడలే ఆపా. ఎత్తినంక ఏడాది బతికి ఉంటె, ఏం మొకం పెట్టుకొని గీ బజార్ల తిరుగాలె?”

ఇవ్వకపోతే తాళం పగలగొడతానన్నాడు. ఆ మాట కూడా మెల్లగానే అన్నాడు.

ఇప్పుడు అర్థమైంది. కత్తి ఎవరినీ చంపదు. ఎత్తినవాడే దాని మాట నిలబెడతాడు.

నాకు భయం లేదు. ఇషా నమాజు చదివి పడుకుంటాను.

28 డిసెంబర్, సోమవారం

ఫజర్ చదివి వీరయ్య తలుపు తట్టాను. కత్తి ఎత్తేటప్పుడు చూడటానికి నువ్వు రావాలన్నాను. ముస్తఫా ముందే వెళ్లాడనుకుని తల వంచుకుని నా వెనక వచ్చాడు.

తాళం తీశాను. పచ్చగుడ్డ విప్పాను. బిస్మిల్లా అని ఎత్తాను. అనుకున్నంత బరువు లేదు.

“అక్కా,” అన్నాడు వీరయ్య. తర్వాత గోడ పట్టుకుని, ఆడవాళ్లు ఎత్తకూడదు కదా అన్నాడు. అబ్బా చెప్పిన పద్ధతిలో ఆ మాట లేదన్నాను. ఏం కోరుకున్నావని అడిగాడు. ఏమీ కోరుకోలేదన్నాను.

కోరుకున్నాను. ఇక్కడ కూడా రాయను.

ముస్తఫా తలస్నానం చేసి తెల్లబట్టలు వేసుకుని వచ్చాడు. వెనక జనం. అప్పటికి తాళం వేసేశాను. ఈ మొహర్రానికి ఎత్తడం అయిపోయిందని వాళ్లకు వీరయ్యే చెప్పాడు. ఎవరు ఎత్తారో చెప్పలేక నా వైపు చేయి చూపించాడు.

ముస్తఫా కొట్టం గడప మీద కూర్చుండిపోయాడు.

“నా మాట గుంజుకున్నవ్ ఆపా.”

పీర్ల సవారి ఊరేగింపుగా వెళ్లింది. డప్పుల చప్పుడుకు కాకులు లేచాయి. మలీదా ప్రసాదం అందరికీ నేనే పంచాను. కొందరు నా చేతి నుంచి రెండు చేతులతో తీసుకున్నారు.

5 జనవరి 2010

కొమురవ్వ వచ్చి ఏడ్చింది. టీ పెట్టాను. తాగకుండా ఏడ్చింది. చల్లారిపోయింది, మళ్లీ కాచాను.

20 జనవరి

ముస్తఫా నాతో మాట్లాడటం లేదు. టెంటుకు వెళ్లడం లేదు. సాంబడి కథ ఆగిపోయింది. చెప్పుల దుకాణం బోర్డు తిరిగి వచ్చింది. వాడు రాస్తున్నాడు. పూటకు మూడు రొట్టెలు తింటున్నాడు. సాయిమా నిద్రపోతోంది.

అంతా బాగుంది.

11 ఫిబ్రవరి

కూరలో మంచి ముక్కలన్నీ సాయిమా నా పళ్లెంలోనే వేస్తోంది. నేను నమిలేదాకా చూస్తూ నిలబడుతోంది. పాపం, ప్రేమే.

వెనక వీధి రామవ్వ కర్ర పట్టుకుని ఇంత దూరం నడిచి వచ్చింది. పక్కన కూర్చుని, చెవిలో అంది: “ఆడ మా ఆయన కనవడితె, బర్రె ఈనిందని చెప్పు బిడ్డా. పెయ్యదుడ్డెనే పుట్టిందని చెప్పు. గదొక్కటే మనసుల వెట్టుకొని పోయిండు.”

చెప్తానన్నాను.

ఆకలి తక్కువగా ఉంటోంది. చలికి.

2 మార్చి

దవాఖానకు తీసుకెళ్లారు. రోగం ఏమీ లేదు, రక్తం తక్కువ ఉందన్నాడు డాక్టరు. గోలీలు ఇచ్చాడు. పక్కన కూర్చున్న నర్సు మా వీధి పిల్ల. ఆమె డాక్టరు చెవిలో ఏదో చెప్పింది. ఆయన కూడా నన్ను అలాగే చూశాడు.

జాకెట్లన్నీ వదులయ్యాయి. ఆకలి లేదు. ఎండలకు.

9 మార్చి

చలికి కాదు. ఎండలకు కాదు.

నాగయ్య అబద్ధం చెప్పలేదు. చుట్టూ అందరూ ఆఖరి ముద్ద అన్నట్టు చూస్తుంటే, ముద్ద నోట్లో తిరుగుతుంది గానీ గొంతు దిగదు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు నిలబడి రెండు పిడికిళ్లు తింటున్నాను, దొంగలాగా. ఎవరి అడుగు చప్పుడైనా వినిపిస్తే ఆపేస్తున్నాను.

నిన్న నమాజు చదివే జానమాజు మీద కూర్చుని లేవబోతే లేవలేకపోయాను. షీబా చూసింది. ఎవరితోనూ అనవద్దని చెప్పాను. ఆ పిల్ల, “నీకు టైమయిందా ఫుప్పూ?” అని అడిగింది. ఇంట్లో విన్న మాట. పిల్ల తప్పు కాదు.

12 మార్చి, శుక్రవారం

ధూళిమిట్టకు బస్సులో వెళ్లాను. ఇంట్లో, చుట్టాల దగ్గరికి అని చెప్పాను. కత్తి బురఖా లోపల ఉంది, పాత దుప్పటి ముక్కలో.

అక్కడి కమ్మరి సారయ్యకు నేనెవరో తెలియదు. కత్తిపీట చేయమన్నాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇనుము మంచిగున్నది గదమ్మా. ఎన్నేండ్ల సంది పనిలేకుంట పన్నదో పాపం,” అన్నాడు. కొలిమిలో పెట్టాడు. ఎర్రబడింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. కొలిమి తిత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ముట్టే హక్కు ఈ ఏడాది నాది ఒక్కదానిదే. ముట్టి ఏం చేయకూడదో అబ్బా చెప్పలేదు.

కొట్టంలో పచ్చగుడ్డ లోపల వెదురు బద్ద చుట్టి, ఎప్పటిలా గోడకు ఆనించాను. తాళం వేశాను.

13 మార్చి

ఉల్లిగడ్డలు కోశాను. వంకాయలు కోశాను. రెండు రొట్టెలు తిన్నాను, సాయిమా ముందరే.

8 జూన్

కొత్త కత్తిపీట బాగా తెగుతోందని సాయిమా మెచ్చుకుంది. ఇవాళ మామిడికాయలు కోస్తూ వేలు తెగ్గోసుకుంది. రక్తం త్వరగా ఆగలేదు. పసుపు అద్ది పట్టుకుని కూర్చున్నాను. ఖురాన్‌లోని యాసీన్ చదువుతూనే ఉన్నాను.

ఆగింది.

2 ఆగస్టు

మనవాళ్లు ఉప ఎన్నికలు గెలిచారు. రాష్ట్రం మాత్రం రాలేదు. అందరూ ఢిల్లీ కమిటీ రిపోర్టు కోసం ఎదురు చూస్తున్నారు. ముస్తఫా మళ్లీ టెంటుకు వెళ్లడం మొదలుపెట్టాడు. కథ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకున్నాడట. సాంబడి చేతిలో కత్తి అలాగే ఉంది.

20 ఆగస్టు

ఉపవాసాలు ఉంటున్నాను. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇదే నా ఆఖరి రంజాన్ అని ఎవరూ అనలేదు, ఇఫ్తారుకు మాత్రం వీధిలో అన్ని ఇళ్ల నుంచీ పళ్లేలు వచ్చాయి.

ఇనుము మారింది. చూపు మారలేదు.

21 నవంబర్

సాయిమా అలమారలో నేను సూది కోసం వెతుకుతుంటే చీరల కింద తెల్లగుడ్డ కనిపించింది. తాను నుంచి కొత్తగా చింపినది. కప్పుకుని చూడకుండానే తెలిసింది, నా పొడవుకు సరిపోతుంది.

మడత చెడకుండా మళ్లీ అక్కడే పెట్టాను.

28 నవంబర్, ఆదివారం

ముస్తఫా వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఇన్ని నెలల తర్వాత. కాసేపు గోళ్లలోని రంగు గీక్కున్నాడు.

టెంటులో జనం ఏమంటున్నారో చెప్పాడు. ఆడమనిషి ఎత్తడం చెల్లదట. చెల్లి ఉంటే ఈపాటికి తెలంగాణ వచ్చి ఉండేదట. అప్పుడు మాట ఇచ్చింది తనే కాబట్టి, ఆ మాట ఇంకా తన మీదే ఉందట.

“నెలవంక నాటికి నువ్వు మంచిగుంటె...” అన్నాడు. “మంచిగుంటె, ఈసారి నేను ఎత్తాలెనట.”

నా మొహం చూడలేదు. నేను ఉండాలని కోరుకోవాలో వద్దో వాడికే తెలియడం లేదు. ఆరేళ్లప్పుడు జ్వరంలో నా కొంగు పట్టుకుని పడుకున్నప్పుడు ఉన్న మొహమే, వాడిది.

నేను పోతే కత్తి నిజమవుతుంది. ఉంటే వీడు ఎత్తుతాడు.

ఏడాది కింద వీడి కోసం కోరుకున్నది సగమే కోరుకున్నానేమో.

5 డిసెంబర్, ఆదివారం

ముస్తఫాను వంటింట్లోకి పిలిచాను. కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పాను, ఇదే అది అని.

వాడికి అర్థం కాలేదు. ధూళిమిట్ట సంగతి చెప్పాను. వెదురు బద్ద సంగతి చెప్పాను. నేను కోయడం ఆపలేదు.

“ఎప్పటి సంది?” అన్నాడు.

“ఉగాది ముందర నుంచి.”

“రంజాన్ల హలీం?”

“దాని మీదనే.”

“బక్రీదు మటన్?”

“నాలుగు ముక్కలు ఎక్కువే తిన్నవ్.”

నోరు తెరిచి నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని, గోడకు జారగిలబడి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. సాయిమా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఉల్లిగడ్డలు ఘాటుగా ఉన్నాయని చెప్పాడు.

ఆమె వెళ్లాక చేయి చాచి ఇనుమును వేలితో ముట్టాడు. వెంటనే తీసేశాడు. మళ్లీ ముట్టాడు.

“దీని దూప తీరిందా ఆపా?”

ఉల్లిగడ్డల నీళ్లతోనే తీరిందన్నాను.

6 డిసెంబర్

నిన్న సాయంత్రం ముస్తఫా కథ ముగించాడు. వీరయ్య వచ్చి చెప్పాడు.

సాంబడు నిద్రపోతుండగా వాడి అక్క కత్తిని కొలిమిలో వేయించింది. దాంతో కూరగాయలు కోసుకున్నారు. మంత్రగాడు ఇంకా కట్ట మీదే కూర్చున్నాడు. పొద్దున్నే ఊరివాళ్లు పారలు పట్టుకుని కాలువ దగ్గరికి బయలుదేరారు. కథ అయిపోయింది. “నేను ఎత్తను. ఎత్తడానికి ఏం లేదు,” అని మైకు కింద పెట్టాడట.

చప్పట్లు లేవు. కొందరు కొట్టానికి వచ్చి తాళం తీయమన్నారు. తీశాను. పచ్చగుడ్డ విప్పి వెదురు బద్ద చూపించాను. నన్ను తిట్టలేదు. పోయే మనిషిని ఎవరు తిడతారు. వాళ్లలో ఒకతను చాలా ఓర్పుగా అన్నాడు:

“పోనీ తియ్. ఇనుముకేం కరువు? ఇంకోటి చేయిస్తం.”

మిగిలినవాళ్లు తలలూపారు.

7 డిసెంబర్, మంగళవారం

ఇవాళ టీ కొట్టతను ముస్తఫా దగ్గర పైసలు తీసుకున్నాడట. సాయిమా ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత లోపలికి వెళ్లి అలమార తెరిచింది. నేను అటు చూడలేదు. తెల్లగుడ్డ తెచ్చి, దిండు గలేబులకు పనికొస్తుంది, అని ఎవరితోనో అన్నట్టు అంది.

మధ్యాహ్నం ఒక ప్లేటు అన్నం తిన్నాను.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత వీరయ్య వచ్చాడు. కూర్చోలేదు. కొత్త కత్తి చేయడానికి కమ్మరి దొరికాడట. కొలత తెలియక ఆగారట. అంత కాలం చుట్టి ఉంచిన గుడ్డ కాబట్టి మడతల్లో పాత కత్తి పొడవూ వెడల్పూ దొరుకుతాయని, పచ్చగుడ్డ అడిగి తెమ్మన్నారట.

ఎవరు ఎత్తుతారట అని అడిగాను.

“ముస్తఫా కాదక్కా. కాలేజీ పొలగాండ్లు ఇద్దరు. నేనంటె నేనని కొట్లాడుతున్రు.”

అతని చేతులు ఊరికే ఉండటం లేదు. మగ్గం మీద ఉన్నట్టే కదులుతున్నాయి. ఆ ఇద్దరి తల్లులు ఎవరో అడిగాను. చెప్పాడు. ఒకామె తెలుసు నాకు.

పచ్చగుడ్డ షీబాకు కుర్తా కుట్టేశానని చెప్పాను. కత్తిరించిన ముక్కలు పొయ్యిలో వేశానని కూడా చెప్పాను. వీరయ్య నా ఒడి వంక చూశాడు. చూసి, “అట్లనే చెప్తనక్కా,” అని వెళ్లిపోయాడు.

గుడ్డ నా ఒడిలోనే ఉంది, మడతలతో సహా. ఏడు పొరలుగా మడిచి ఉన్నా మధ్యలో కత్తి పడుకున్న గుర్తు చేతికి తగులుతోంది.

డాబా మీద షీబా అరుస్తోంది, నెలవంక కనిపించిందట. నన్ను రమ్మంటోంది. ముస్తఫా కూడా పిలుస్తున్నాడు.

వెళ్తాను. ముందు కత్తెర వెతకాలి.